సెల్లుకు పెట్టిన దిష్టి చుక్క

"గీ సెల్లుకు జరమచ్చిందే పుష్పా," అన్నది గంగుబాయి.

పుష్పలత అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. ఒక జొన్నరొట్టె పెనం మీద పొంగుతున్నది, మరొకటి పీట మీద ఆమె అరచేతి కింద గుండ్రంగా సాగుతున్నది. ఏడూ పదికి నిజామాబాద్ బస్సు. అంతలోగా ఆరు రొట్టెలు, వంకాయ కూర, భర్తకు డబ్బా, తనకు డబ్బా, అత్తకు మధ్యాహ్నానికి గిన్నె మీద మూత, ఆ తర్వాత తన జడ. ఈ వరుసలో జడ ఎప్పుడూ చివరనే ఉంటుంది. బస్సు ముందే వచ్చిన రోజున దానికి వంతే రాదు. అందువల్ల అత్త మాటను ఆమె సగం చెవితోనే విన్నది. ఎండకు వేడెక్కి ఉంటుంది, అక్కడ పెట్టమన్నది.

"ఎండ ఏడున్నదే ఇంక? రాత్రి సంది గూట్లనే ఉన్నది. ఎవ్వలు ముట్టలే. పండుకున్న పిల్లకు ఒళ్లు కాలినట్టు కాలుతున్నది."

గంగుబాయికి అరవై ఎనిమిదేళ్లు. పదకొండో ఏట బీడీలు చుట్టడం మొదలుపెట్టి ఇప్పటికీ చుడుతున్నది. తునికాకు ఎంత తడిసిందో, ఎంత ఆరిందో, కత్తెర పడితే చిట్లుతుందో లేదో, చూడకుండా చేత్తోనే చెప్పగలదు. యాభై ఏడేళ్ల అనుభవమున్న అరచెయ్యి చెప్పినదాన్ని పుష్పలత వెంటనే పట్టించుకోవలసింది. ఆమె వృత్తి కూడా అటువంటిదే. నిజామాబాద్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబులో ఆమె పదమూడేళ్లుగా టెక్నీషియన్. కొలత ముందు, అభిప్రాయం తర్వాత అన్నది ఆమెకు అన్నం పెట్టే సూత్రం. కానీ ఆ కొలత చెప్పినది అత్త కావడం వల్ల, చెప్పిన మరుక్షణమే ఆమె దానికి తన సిద్ధాంతాన్ని కూడా జోడించడం వల్ల, పుష్పలత సిద్ధాంతంతో పాటు కొలతనూ కొట్టిపారేసింది. చదువుకున్నవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇది.

గంగుబాయి సిద్ధాంతం ఒక్క మాటలో ఉంది. "దిష్టి తాకింది దీనికి. బస్సుల ఎందరి కండ్లు పడుతున్నయో."

ఆ ఫోను వయసు పది నెలలు. పన్నెండో పెళ్లిరోజున భూమేష్ దాన్ని కొని తెచ్చాడు. అతను బోధన్‌లో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి, దేవుడి పటం ముందు ఒక్క నిమిషం ఉంచి, తర్వాత భార్య చేతిలో పెట్టాడు. "అన్ని సెట్టింగులు దుకాణంలనే చేయించుకచ్చిన, నువ్వేం తిప్పలవడకు" అన్నాడు. తాళం అంకెలు కూడా అతనే పెట్టుకొచ్చాడు, తన బండి నెంబరు. పన్నెండేళ్లలో ఇంట్లో ఏ పని విషయంలోనూ 'నువ్వు తిప్పలవడకు' అనని మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు కావడంతో, పుష్పలతకు అది ముద్దుగా తోచింది. మరి తాళం తన ఫోనుకు, నెంబరు అతని బండిది ఎందుకయిందన్న ప్రశ్న ఆ రోజు ఆమెకు రాలేదు. వచ్చినా బహుమతి ముందు అడిగే ప్రశ్న కాదది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంట్లో ఒక చిన్న అద్భుతం మొదలయింది. ఒకసారి నందిపేట్‌లో ఉండే అక్కకు ఒంట్లో బాగాలేదని తెలిసి, పుష్పలత ఎవరికీ చెప్పకుండా ల్యాబు నుంచి నేరుగా అక్కడికే వెళ్లింది. అక్క ఇంట్లో చెప్పులు విడిచేలోపల భూమేష్ ఫోన్ చేసి, "నందిపేట్‌ల వాన కొడుతున్నదా?" అన్నాడు. నీకెట్ల తెలిసిందని అడిగితే నవ్వి, "నా మనసు చెప్తది" అన్నాడు. మరోసారి బజారులో గాజుల కొట్టు ముందు నిలబడి ఉండగా, ఫోన్ చేసి ఆకుపచ్చవి తీసుకొమ్మన్నాడు. ఆమె ఈ సంగతులను ల్యాబులో పనిచేసే శిరీషకు కొంచెం గర్వంగానే చెప్పుకొన్నది. పన్నెండేళ్ల కాపురంలో కూరలో ఉప్పు తప్ప తనలో మరే మార్పునూ గమనించని మనిషి ఇంత దూరం నుంచి తనను కనిపెట్టి ఉంటున్నాడంటే, ఆ సంతోషాన్ని పరీక్షకు పెట్టడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? మూత్రంలో చక్కెరను కూడా రెండుసార్లు చూడనిదే నమ్మని పుష్పలత, భర్త మనసుకు దూరదృష్టి ఉందని ఒక్క పరీక్షా చేయకుండా నమ్మింది. నమ్మకం అజ్ఞానం నుంచి పుడుతుందని పుస్తకాలు అంటాయి. కొన్నిసార్లు అది దాహం నుంచి పుడుతుంది.

ఈ కథలో పోయింది ఒక అరగంట. దాని గురించి చెప్పాలి.

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైన నాటి నుంచి, ఏ స్టాపులో దిగినా పుష్పలత టికెట్టు మీద ఉండేది ఒకటే అంకె, సున్నా. ఆ స్వేచ్ఛతో ఆమె సాయంత్రాలు బస్టాండు దాకా రాకుండా శక్కర్‌నగర్ చౌరస్తాలో దిగడం మొదలుపెట్టింది. అక్కడ శంకరమ్మ చెరుకురసం బండి ఉంది. బండి పక్కన ఒక బెంచి, బెంచి ఎదురుగా దూరాన, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. పుష్పలత ఒక గ్లాసు రసం తీసుకొని ఆ బెంచి మీద అరగంట కూర్చునేది. ఏం చేసేదంటే, ఏమీ చేసేది కాదు. చెరుకుగడ యంత్రంలోకి తెల్లగా పోయి పిప్పిగా బయటికి రావడం చూసేది. పొగగొట్టం మీద వాలిన పిట్టలను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసేది. ఇంట్లో ఆమె ఖాళీ చేతులతో కూర్చుంటే అది ఒక సంఘటన. "ఏం పని లేదా ఇయ్యాల?" అని భర్త అడుగుతాడు, "పానం బాగలేదా?" అని అత్త అడుగుతుంది. అంటే పని లేకపోవాలి, లేదా జబ్బు చేయాలి. మూడో కారణం ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. పన్నెండేళ్లలో ఆమె అందించిన గ్లాసులు ఎన్నో. తన చేతిలోకి ఒకరు అందించి, తాగేదాకా తొందరపెట్టని గ్లాసు మాత్రం శంకరమ్మ బండి దగ్గరిదొక్కటే. గురుకులంలో చదివే కూతురికి కూడా ఆమె ఈ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పడానికి అందులో ఏమీ లేదు కనుక.

ఆ అరగంట గురించి భూమేష్ ఎన్నడూ కోప్పడలేదు. "చెరుకురసంల ఐసు మస్తుగ ఏస్తరు, గొంతు పడ్తది" అన్నాడు ఒకసారి. "ఇయ్యాల నలభై నిమిషాలు కూసున్నవ్, ఇంటికి రాబుద్ధి కాలేదా?" అన్నాడు మరోసారి, నవ్వుతూనే. ఆ నవ్వు తర్వాత బెంచి రెండో కొసన ఎవరో కూర్చున్నట్టు అనిపించసాగింది ఆమెకు. పిట్టలను లెక్కపెడుతూ ఉంటే, లెక్క తప్పినందుకు ఎవరో నవ్వుతారేమోననిపించేది. గ్లాసు తొందరగా ఖాళీ అయ్యేది. చివరికి మూడు వారాల క్రితం, కారణం తనకే స్పష్టంగా తెలియకుండా, ఆ స్టాపులో దిగడం మానేసింది. ఐసు పడడం లేదని శంకరమ్మకు చెప్పింది, తనకు తానూ చెప్పుకొన్నది. బస్సు కిటికీలో తనను చూసి శంకరమ్మ చెయ్యి ఊపితే తల తిప్పుకొన్నది.

ఇక ఆ రోజు ఉదయానికి వద్దాం.

గంగుబాయి మాటలతో ఆగే మనిషి కాదు. ఎండు మిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి ఫోను చుట్టూ మూడుసార్లు తిప్పి, థూ థూ అని పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు. స్నానాలగదిలోంచి భూమేష్ దగ్గు వినిపించింది. తర్వాత ఆమె వేలికి కాటుక అద్దుకొని ఫోనును అటూ ఇటూ తిప్పి, అద్దం పైభాగాన ఉన్న చిన్న గుండ్రటి బొట్టు మీద గట్టిగా చుక్క పెట్టింది.

"అది కెమెరా అత్తమ్మా," అన్నది పుష్పలత, డబ్బా మూత బిగిస్తూ.

"కెమెరో గిమెరో. సూసేది గదే గద. కన్ను ఏడుంటే దిష్టి ఆడనే ఉంటది."

తుడవడానికి గుడ్డ దొరకలేదు, వెతకడానికి సమయం లేదు. ల్యాబులో ఆమె రిపోర్టులు ఫోటో తీసేది వెనక కెమెరాతో. ముందుది కూతురితో ఆదివారం మాట్లాడడానికే. అందువల్ల కాటుక చుక్క ఆమె సంచిలోనే నిజామాబాద్ పోయి, ఆమె సంచిలోనే తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం భూమేష్ కాళ్లు కడుక్కొని వచ్చి చాప మీద కూర్చున్నాడు. పుష్పలత పప్పు వడ్డిస్తున్నది. అతను టీవీ చూస్తూనే, "నీ ఫోనుల ముంగటి కెమెర కరాబైనట్టున్నది" అన్నాడు. "పొద్దటి సంది నల్లగనే వస్తున్నది. వారంటీ ఇంక రెండు నెలలే ఉన్నది. రేపియ్యి, దుకాణంల సూపిస్త."

పప్పు గరిటె గిన్నెకూ కంచానికీ మధ్య ఒక క్షణం ఆగింది. అంతకు మించి బయటికి ఏమీ కనిపించలేదు. "గట్లనా? నేను సూస్త తీయి," అన్నది ఆమె.

వంటింట్లోకి వచ్చి ఆ వాక్యాన్ని మళ్లీ మనసులో పెట్టుకొని చూసింది. ల్యాబులో స్లైడును చూసినట్టే, ఒక మూల నుంచి మరో మూలకు. పొద్దున అత్త చుక్క పెట్టేటప్పుడు అతను స్నానం చేస్తున్నాడు. పగలంతా ఫోను తన దగ్గర, పాతిక కిలోమీటర్ల దూరాన ఉంది. ఇంటికి వచ్చాక అతను దాన్ని ముట్టలేదు. అయినా పొద్దటి నుంచి అన్నాడు. అంతకంటె చిత్రం మరొకటుంది. నల్లగా 'ఉన్నది' అనలేదు, నల్లగా 'వస్తున్నది' అన్నాడు. రావడం అన్న క్రియకు చేరే చోటు ఒకటి కావాలి. ఏదైనా వస్తున్నదంటే ఎక్కడికో వస్తున్నది. ఎక్కడికి?

అద్భుతాలన్నిటికీ ఒకే ఒక్క లోపం ఉంటుంది. వారంటీ గడువు ముంచుకొచ్చినప్పుడు అవి నోరు జారుతాయి. నందిపేట్ వాన, ఆకుపచ్చ గాజులు, నలభై నిమిషాల బెంచి, అన్నీ ఆ ఒక్క క్రియాపదం వెనక వరుసగా వచ్చి నిలబడ్డాయి. పుష్పలతకు ముందుగా కలిగింది కోపం కాదు, భయమూ కాదు. సిగ్గు. పది నెలలు తాను ప్రేమ అని చెప్పుకొని మురిసిన దానికి శిరీష ఎదుట వేరే పేరు చెప్పవలసి వస్తుందన్న సిగ్గు. ఆ సిగ్గు తనది కాదని, దాన్ని మోయవలసినవాడు చాప మీద కూర్చొని రెండోసారి పప్పు అడుగుతున్నాడని గ్రహించడానికి ఆమెకు గిన్నెలన్నీ తోమేంత సమయం పట్టింది.

మర్నాడు భోజనం వేళ ల్యాబులో శిరీష ఫోనును ముందు పెట్టుకొని ఒక్కొక్క పేజీ తెరిచింది. ల్యాబు కంప్యూటర్ల బాగోగులు చూసేది ఆ పిల్లే. బ్యాటరీని ఎవరు ఎంత తింటున్నారో చెప్పే జాబితాలో అన్నిటికంటె పైన 'సింక్ సర్వీస్' అన్న పేరు, పళ్లచక్రం బొమ్మ. పేరు చూస్తే ఫోనుతో పాటే పుట్టినట్టుంది. లోపల చూస్తే, తిరిగే చోటు తెలుసుకోవడానికి అనుమతి, మైకు వినడానికి అనుమతి, కెమెరా తెరవడానికి అనుమతి, తనను ఎవరూ తీసేయకుండా చూసుకొనే అధికారం కూడా. హానికరమైన యాప్‌లను వెతికి పట్టే ఫోను సొంత కాపలాను ఎవరో ఆపేసి పెట్టారు.

"అక్కా, ఇది కంపెనీ ఏసింది కాదు. కొన్ననాడు ఎవరో కూసొని ఎక్కిచ్చిండ్రు," అన్నది శిరీష. మొఖం ఎర్రబడింది. "ఇప్పుడే తీసేస్త."

పుష్పలత ఆమె చెయ్యి పట్టుకొన్నది. ఫోను వేడెక్కడానికి పాడైన బ్యాటరీ చాలు. యాప్ ఎక్కించినవాడు దుకాణంవాడే కావచ్చు, భూమేష్‌కు తెలియకపోనూవచ్చు. ప్రతి ఉదయం రోగుల రక్తం పెట్టడానికి ముందు, జవాబు ముందే తెలిసిన ఒక నమూనాను యంత్రంలో పెట్టి చూస్తారు. దాన్ని కంట్రోల్ అంటారు. యంత్రం ఆ తెలిసిన జవాబును సరిగా చెప్పినప్పుడే, తెలియనివాటిని దానికి అప్పగిస్తారు.

"కంట్రోల్ పెట్టకుంట రిపోర్టు మీద సంతకం పెడ్తమా?" అన్నది.

ఆమె వారపు సెలవు గురువారం. గంగుబాయి చుట్టిన బీడీలను కార్ఖానాలో అప్పగించి వచ్చేదీ ఆ రోజే. పొద్దున ముసలమ్మ బీడీ కట్టలను సంచిలో సర్దుకుంటుంటే పుష్పలత ఫోనును, కాటుక శుభ్రంగా తుడిచి, ఆ కట్టల అడుగున పెట్టింది. నాకెందుకే అన్నది అత్త. దిష్టి పోయిందో లేదో చూద్దామని, ఒక పూట నీతో తిప్పుకొని రమ్మని అన్నది కోడలు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తన వైద్యాన్ని కోడలు ఇన్నాళ్లకు గౌరవించినందుకు గంగుబాయి మురిసి, సంచిని మామూలుకంటె జాగ్రత్తగా పట్టుకొని బయలుదేరింది. పుష్పలత ఆ పగలంతా ఇంట్లోనే ఉంది. మిద్దె మీద వడియాలు పెట్టింది. పక్కింటివాళ్లు నలుగురు ఆమెను చూశారు.

భూమేష్ ఆ రోజు పొద్దుగూకక ముందే ఇంటికి వచ్చాడు. దుకాణం మూసేలోపల అతను ఇల్లు చేరడం పుష్పలత ఎరగదు. గంగుబాయి అరుగు మీద కూర్చొని ఒళ్లో చాట పెట్టుకొని ఆకు కత్తిరిస్తున్నది. అతను చెప్పులు విడవలేదు. తల్లిని దాటుకొని వచ్చి, గడప దగ్గర నిలబడి, భార్యతో గొంతు తగ్గించి అన్నాడు:

"కార్ఖానకు పోయినవ్ సరే, అవ్వకు తోడు పోయినవనుకున్న. ఆన్నుంచి కల్లు కంపౌండ్ల నలభై నిమిషాలు నీకేం పని?"

ఈ ఫలితం పుష్పలత ఊహించినదే, కల్లు తప్ప. ఆమె మెల్లగా అత్త వైపు చూసింది. అరుగు మీద కత్తెర ఆకు మధ్యలో ఆగిపోయి ఉంది. గంగుబాయి మొఖం మీదికి, అరవై ఎనిమిదేళ్ల మొఖం మీదికి, బడి ఎగ్గొట్టి దొరికిన పిల్ల రంగు వచ్చింది. అది ఎక్కువసేపు ఉండలేదు.

"కంపౌండుకు పోయింది నేను," అన్నది.

"నువ్వా?"

"నేనే. గురువారం గురువారం పోత. పెంటవ్వ, నేను చెరొక సీస తాగుతం. ఇరవై ఏండ్ల సంది పోతున్న. మీ బాపు ఉన్నప్పుడు గూడ ఎరుకలే. మరి నీకెట్ల ఎరుకైంది రా?"

భూమేష్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు. పుష్పలత లేచి, అత్త సంచిలోంచి ఫోను తీసి గడప మీద పెట్టింది. పోయింది ఫోను, తాను కాదన్నది. నీ మనసు చెప్పింది దాని సంగతి, నా సంగతి కాదన్నది. అందులో ఏముందో, ఎక్కడ ఉందో, దాని పేరేమిటో, రిపోర్టు చదివినట్టు వరుసగా చెప్పింది. గంగుబాయికి యాప్ అన్న మాట అర్థం కాలేదు. చూసేది, వినేది, చెప్పేది అన్న మూడు మాటలు అర్థమయ్యాయి. ఆమె కత్తెర చాటలో పెట్టింది.

"మీ బాపుకు ఫ్యాక్టరీ సైరన్ ఉండె. సాయంత్రం సైరన్ కూసిందంటె నేను ఇంట్ల ఉండాలె. నల్ల కాడ లైనుంటే గూడ బిందె ఇడిసిపెట్టి ఉరికచ్చేదాన్ని. ఫ్యాక్టరీ బందైనంక సైరన్ పోయిందనుకున్న. ఆ సైరన్‌ను నువ్వు సెల్లుల పెట్టి తెచ్చినవా కొడుకా?"

"నీ కోసం కాదవ్వా," అన్నాడు భూమేష్. ఆ వాక్యాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో అతనికి తెలియలేదు. రోజులు బాగాలేవన్నాడు, పేపర్లో రోజూ చూస్తున్నామన్నాడు, ఆమె మంచికే పెట్టించానన్నాడు. కోపం అతని గొంతులో సగం దాకా వచ్చి, తల్లి ఎదుట ఉండడం వల్ల తర్కంగా మారింది. "తప్పు చేయనోళ్లకు భయమెందుకు? రోజు ఆ బెంచి మీద అరగంట కూసుంటవ్. ఆడ ఏమున్నదో చెప్పు, ఇప్పుడే తీసేస్త."

"ఏం లేదు."

"ఏం లేకుంటె నేను సూస్తే ఏమైతది?"

"నువ్వు సూస్తే అది ఉండదు," అన్నది పుష్పలత. "ఆడ ఏం లేదు. ఆ ఏం లేకపోవుడు నాది."

తాను ఈ మాట అనబోతున్నట్టు ఆమెకు ముందు తెలియదు. అన్న తర్వాత అది నిజమని తెలిసింది. గంగుబాయి దాన్ని ఒకసారి నోట్లో తిప్పుకొని, రుచి చూసినట్టు తల ఊపింది.

పుష్పలత అక్కడే, గడప మీద కూర్చొని, ఇద్దరూ చూస్తుండగా ఫోనును పూర్తిగా తుడిచేసింది. దాచుకోవలసిన కూతురి ఫోటోలను ముందురోజే ల్యాబు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అంతా పోతుందని ఫోను రెండుసార్లు హెచ్చరించింది. బండి నెంబరును చివరిసారిగా నొక్కి, సరే అన్నది. ఆ రాత్రి దానిలో ఏ ఖాతా లేదు, ఏ పేరు లేదు. కొత్త సంకేతపదాలు ఆమె ఇంట్లో పెట్టలేదు. మర్నాడు ల్యాబు కంప్యూటర్ ముందు కూర్చొని, మెయిలు సంకేతపదం మార్చి, తనవి కాని ఫోన్లన్నిటినీ ఖాతాలోంచి దింపి, రెండో తాళం కూడా వేసి, ఆ తర్వాతే ఫోనులో తన పేరు చెప్పింది. దొంగ ఇంట్లో ఉండగా తాళం మారిస్తే కొత్త తాళంచెవిని కూడా వాడికి చూపినట్టే అని శిరీషకు ఆమే వివరించింది. ఆపేసి ఉన్న కాపలాను మేల్కొలిపింది. ఫోను తాళానికి ఆరంకెలు పెట్టింది. అవి ఎవరి పుట్టినరోజూ కాదు, ఎవరి బండిదీ కాదు. ఏవో ఇక్కడ రాయడం కూడా సబబు కాదు.

అది మర్నాటి పగటి సంగతి. అంతకు ముందు, ఆ తెల్లవారుజామున, రొట్టెల వేళకు గంగుబాయి గూట్లో చెయ్యిపెట్టి ఫోను మీద అరచెయ్యి ఆనించింది.

"సల్లబడ్డది," అన్నది. "నేనన్లేదా, దిష్టి అని?"

పుష్పలత వాదించలేదు. సిద్ధాంతం తప్పే కావచ్చు, కానీ మొదటి కొలత ఈ చేతిదే. మొదటి సాక్ష్యాన్ని రాబట్టినదీ ఈ చేతి కాటుకే. ఈసారి ఆ చేతికి తగిన గౌరవం ఇవ్వదలచి, కాటుక డబ్బా తానే తెచ్చి ఇచ్చింది. చుక్క మాత్రం వెనక మూలన పెట్టమన్నది, కన్ను మీద వద్దు, పిల్లతో మాట్లాడాలి. గంగుబాయి మూలన చిన్నగా పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, గురువారం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకుండా చూడమన్నది.

"ఏ గురువారం?" అన్నది పుష్పలత.

ముసలమ్మ పళ్లు లేని చోట్లన్నీ కనబడేలా నవ్వింది.

భూమేష్ నాలుగు రోజులు మాట్లాడకుండా తిన్నాడు. ఐదో రోజు ఉప్పు తక్కువైందన్నాడు, అంటే మాటలు తిరిగి మొదలయ్యాయి. ఒకసారి తాళం నెంబరు అడిగాడు. ఏం చూడాలో చెబితే తీసి ఇస్తానన్నది ఆమె. అతను కాసేపు ఆలోచించి, చూడవలసింది ఏమీ లేదన్నాడు. ఆ వారంలో ఒకరోజు తన డబ్బా తానే కడిగిపెట్టాడు. మనిషి మారాడని రాయడానికి ఇంత ఆధారం చాలదు. మారడని రాయడానికి కూడా చాలదు. పుష్పలత అతని రిపోర్టును ప్రస్తుతానికి ఖాళీగా ఉంచింది.

ఆ మరుసటి సోమవారం సాయంత్రం ఆమె శక్కర్‌నగర్ చౌరస్తాలో బస్సు దిగింది. శంకరమ్మ ఆమెను చూసి, ఇన్ని రోజులు ఏమైపోయినవని అడగలేదు. చెరుకుగడ ఒకటి ఎంచి, నిమ్మకాయ పెట్టి మడిచి, యంత్రంలో నాలుగుసార్లు తిప్పి, ఐసు వేయకుండా గ్లాసు అందించింది. ఐసు వెయ్యమన్నది పుష్పలత. బెంచి రెండో కొస ఖాళీగా ఉంది. నిజంగానే ఖాళీగా. పొగగొట్టం మీద పిట్టలు పదకొండు దాకా లెక్కకు వచ్చి, ఎగిరి, కలిసిపోయాయి. ఆమె మళ్లీ మొదలుపెట్టలేదు.

గ్లాసు సగం అయ్యేసరికి ఫోను మోగింది.

"యాడున్నవ్?" అన్నాడు భూమేష్.

బస్సులో పక్క సీట్ల ఆడవాళ్లు ఈ ప్రశ్నకు రోజూ విసుక్కుంటూ జవాబు చెప్పడం ఆమె వింటూనే ఉంటుంది. ఆమెను మాత్రం పది నెలలుగా ఎవరూ ఆ మాట అడగలేదు. తెలిసినవాడు ఎందుకు అడుగుతాడు? అతని గొంతులో కొంచెం బింకం ఉంది, కొంచెం మొహమాటం ఉంది. అన్నిటికంటె ఎక్కువగా, జవాబు కోసం ఆగడం ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మీదికి ఎండ ఏటవాలుగా వాలుతున్నది.

"వస్తున్న," అన్నది పుష్పలత. ఫోను ఒళ్లో పెట్టుకొని, మరో సగం గ్లాసు పొయ్యమని శంకరమ్మ వైపు చెయ్యి చాపింది.